డైప్లీజియా బాబు: ఏఎఫ్‌ఓలో మడమ ఆనట్లేదు, ఇంట్లో ఏం చేయించాలి?

పల్నాటి_నాన్న

మీరు అడిగేలోపే వివరాలు రాసేస్తున్నాను.

బాబు వయసు 2 ఏళ్ల 9 నెలలు, బరువు 11 కిలోలు. 31 వారాలకే కాన్పయింది, పుట్టినప్పుడు 1.4 కిలోలు. ఎంఆర్ఐలో పీవీఎల్ (మెదడు లోపలి తెల్ల పదార్థం దెబ్బతినడం) అని వచ్చింది. స్పాస్టిక్ డైప్లీజియా (ముఖ్యంగా రెండు కాళ్లూ బిగుసుకునే సెరిబ్రల్ పాల్సీ), జీఎంఎఫ్‌సీఎస్ (కదలిక సామర్థ్యాన్ని ఐదు మెట్లుగా చెప్పే కొలమానం) లెవెల్ 3 అని చీటీలో రాశారు. చేతులు బాగానే వాడతాడు. రెండు మూడు మాటలు కలిపి మాట్లాడతాడు. కింద కూర్చోబెడితే మోకాళ్లు ముందుకు, పాదాలు చెరోపక్క వెనక్కి పెట్టి డబ్ల్యూలా కూర్చుంటాడు. కుందేలు గెంతినట్టు రెండు మోకాళ్లూ ఒకేసారి జరుపుతూ పాకుతాడు. మంచం పట్టుకుని లేస్తాడు, కానీ మునివేళ్ల మీదే నిలబడతాడు.

మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. థెరపీ గుంటూరులో, వారానికి రెండుసార్లు, 45 నిమిషాలు. ఇంట్లో స్ట్రెచింగ్ చేయించమంటారు, అంతకుమించి చెప్పరు. నెల కిందట రెండు కాళ్లకీ ఏఎఫ్‌ఓలు (పాదాన్ని, చీలమండను పట్టి ఉంచే ప్లాస్టిక్ తొడుగులు) చేయించాం. వేసిన పావుగంటకే మడమ పైకి లేచిపోతుంది, లోపలివైపు చీలమండ కింద ఎర్రగా కందుతుంది. పట్టీ ఇంకా బిగించమన్నారు. బిగిస్తే ఏడుస్తున్నాడు.

నా ప్రశ్నలు: ఇంట్లో ఏం చేయించాలి, ఎంతసేపు? ఏఎఫ్‌ఓ తప్పా, మేం వేసే పద్ధతి తప్పా? ఒకరు బొటాక్స్ అంటున్నారు, ఇంకొకరు మడమ దగ్గర నరం కోస్తే సరిపోతుందంటున్నారు, బంధువులు స్టెమ్ సెల్స్ అంటున్నారు. వీటిలో ఏది వినాలి?

బాల_ఫిజియో

ఇంటి సంగతి నేను చెప్తాను. ఏఎఫ్‌ఓ గురించి ప్లాస్టర్‌చేతులు గారు వస్తే ఆయన చెప్పడమే మంచిది.

ముందు ఒక లెక్క. రెండు 45 నిమిషాలంటే వారానికి గంటన్నర. పిల్లాడు మెలకువగా ఉండేది 80 గంటల దాకా ఉంటుంది. ఆ గంటన్నరలో ఎంత బాగా చేయించినా, మిగతా సమయమంతా డబ్ల్యూలో కూర్చుని మునివేళ్ల మీద లేస్తుంటే కండరానికి గుర్తుండేది ఆ రెండోదే. సెంటర్ మానెయ్యమనడం లేదు. మీరు ఇంట్లో చేయించేది సరిగ్గా ఉందో లేదో చూపించుకునే చోటుగా దాన్ని వాడుకోండి. ప్రతిసారీ "ఈ వారం ఇంట్లో ఏ ఒక్క పని చేయించాలి, నా చేత చేయించి చూడండి" అని అడగండి. చూపించకుండా "స్ట్రెచింగ్ చేయండి" అని పంపించేస్తే అది హోమ్ ప్రోగ్రామ్ కాదు.

స్ట్రెచింగ్ మాటకొస్తే, పాదాన్ని పైకి నెట్టి పది లెక్కపెట్టి వదిలేయడం వల్ల కండరం పొడవు పెరగదు. చేస్తే నష్టం లేదు, ఏఎఫ్‌ఓ వేసే ముందు బిగుతు కాస్త వదలడానికి పనికొస్తుంది, అంతే. కండరం సాగాలంటే గంటల తరబడి సాగిన స్థితిలో ఉండాలి. అందుకే నిలబెట్టడం, సరిగ్గా కూర్చోబెట్టడం ముఖ్యం. ఒక జాగ్రత్త: చెయ్యి వేళ్ల దగ్గర పెట్టి పాదాన్ని నెట్టకండి. మడమను అరచేతిలో గట్టిగా పట్టుకుని కిందికి లాగుతూ, పాదం మొత్తాన్ని మీ ముంజేతితో పైకి తేవాలి. వేళ్ల దగ్గర నెడితే మడమ కదలదు, పాదం మధ్యలో వంగిపోతుంది. చూడ్డానికి పాదం పైకి వచ్చినట్టే ఉంటుంది, నిజానికి అరికాలు విరుగుతోంది.

ఇప్పుడు కూర్చోవడం. మనింట్లో అందరూ నేలమీదే కాబట్టి పిల్లాణ్నీ కాళ్లు చాపించి నేలమీదే కూర్చోబెడతాం. డైప్లీజియా పిల్లలకి తొడ వెనక కండరాలు బిగుతు. కాళ్లు చాపితే నడుము వెనక్కి వాలి వీపు గూనిలా అవుతుంది, పడకుండా చేతులు ఆన్చాల్సి వస్తుంది. ఇక ఆడుకునేదెలా? అందుకే వాడు డబ్ల్యూ వెతుక్కున్నాడు, అందులో చేతులు ఖాళీ. వేరే మార్గం చూపించకుండా "అలా కూర్చోకు" అని తిడితే పిల్లాడికి ఆట పోతుంది తప్ప ఇంకేమీ రాదు.

ఆ మార్గం పీట. భోజనాల పీట కాదు, అది మరీ తక్కువ ఎత్తు. మోకాలి వెనక మడత దగ్గర్నుంచి మడమ దాకా టేపు పెట్టి కొలవండి. ఈ వయసులో 20 సెంటీమీటర్ల అటూఇటూ వస్తుంది. అంత ఎత్తు పీట కావాలి. రెండు పీటలు ఒకదాని మీద ఒకటి పెట్టి తాడుతో కట్టినా, పాత న్యూస్‌పేపర్లు కట్టగట్టి గుడ్డ చుట్టినా చాలు. అరికాళ్లు రెండూ నేలకి ఆనాలి, మోకాళ్ల మధ్య మీ పిడికిలి పట్టేంత సందు ఉండాలి. ముందు స్టూలు పెట్టి దాని మీద బొమ్మలు పెట్టండి. కాళ్లు కత్తెరలా దగ్గరికి వచ్చేస్తుంటే పీట బదులు గట్టిగా చుట్టిన బొంత మీద గుర్రం ఎక్కినట్టు కూర్చోబెట్టండి. తిండి, ఆట, ఫోను అన్నీ అక్కడే.

ఆ పీట మీంచే అసలు వ్యాయామం: కూర్చుని లేవడం. పాదాలు మోకాళ్లకంటే కొంచెం వెనక్కి ఉండాలి. బొమ్మను ముందు కిందుగా, మోకాళ్ల అవతల చూపించి వంగనివ్వండి. ముక్కు కాలి వేళ్ల మీదికి వచ్చాక బొమ్మను పైకి తీసుకెళ్లండి. అప్పుడు తనే లేస్తాడు. చంకల్లో చేతులు పెట్టి లేపకండి, లేపారో, కాళ్లు బిగదీసి మునివేళ్ల మీదికే వస్తాడు. సాయం కావాలంటే మీ చేతులు మోకాళ్ల మీద పెట్టి కిందికి, ముందుకు నొక్కండి. అప్పుడు మడమ నేలకి ఆనుతుంది. పొద్దున పది, మధ్యాహ్నం పది, సాయంత్రం పదితో మొదలుపెట్టండి. పదిలో ఎనిమిదిసార్లు సాయం లేకుండా లేస్తున్నాడంటే పీట ఎత్తు 2 సెంటీమీటర్లు తగ్గించండి. న్యూస్‌పేపర్ల కట్టలో సుఖం ఇదే, కొన్ని పేపర్లు తీసేస్తే సరి.

దివాన్ పట్టుకుని పక్కకి నడవడం రోజుకి నాలుగైదుసార్లు. బొమ్మ ఈ చివర, పిల్లాడు ఆ చివర. రెండు వైపులా తిప్పండి, లేకపోతే ఒక కాలే బలపడుతుంది.

గుండ్రటి వాకర్ ఇంట్లో ఉంటే తీసేయండి. అందులో సీటు మీద వేలాడుతూ మునివేళ్లతో నెట్టుకుంటాడు. మనం ఏది మాన్పించాలనుకుంటున్నామో దాన్నే రోజంతా సాధన చేయిస్తుంది. మామూలు పిల్లలకే ప్రమాదమని కెనడాలో 2004లో దాని అమ్మకమే నిషేధించారు. చెక్క నడక బండి దానికంటే నయం, కానీ ముందుకు పరిగెత్తకుండా దాంట్లో మూడు నాలుగు కిలోల ఇసుక సంచి వేయాలి. లెవెల్ 3కి సరైనది వెనకనుండే పోస్టీరియర్ వాకర్. ముందుకు వాలిపోకుండా నడుము నిటారుగా ఉంచుతుంది.

నూనె మర్దన చేయొచ్చు, పిల్లాడికి హాయి. స్పాస్టిసిటీ (కండరాల బిగింపు) మాత్రం దానివల్ల తగ్గదు. నీళ్లు పోసేటప్పుడు కాళ్లు పట్టుకుని ఊపడం, అడ్డంగా చాపి లాగడం లాంటివి మానిపించండి, తుంటి కీలుకి మంచిది కాదు.

ప్లాస్టర్‌చేతులు

ప్రోస్థెటిస్ట్ ఆర్థోటిస్ట్‌ని, అంటే కృత్రిమ అవయవాలు, ఏఎఫ్‌ఓల్లాంటివి చేసేవాణ్ని. పట్టీ బిగించమన్న సలహా తప్పు. మడమ ఎందుకు లేస్తుందో తేల్చకుండా బిగిస్తే చర్మం పుండవుతుంది.

జవాబు చెప్పేముందు రెండు కొలతలు కావాలి. ఈసారి సెంటర్‌కి వెళ్లినప్పుడు గోనియోమీటర్‌తో (కీళ్ల కోణం కొలిచే సాధనం) కొలిపించండి: మోకాలు మడిచి ఉన్నప్పుడు పాదం ఎంతవరకు పైకి వస్తుంది, మోకాలు పూర్తిగా చాపినప్పుడు ఎంతవరకు వస్తుంది. కొలిచేటప్పుడు మడమను కాస్త లోపలికి తిప్పి పట్టుకోమనండి, లేదంటే పాదం మధ్యలో వంగి లెక్క ఎక్కువ చూపిస్తుంది. ఏఎఫ్‌ఓ గట్టిదా, చీలమండ దగ్గర కీలు ఉన్నదా అనేది కూడా రాయండి.

పల్నాటి_నాన్న

కొలిపించాను. మోకాలు మడిస్తే పాదం, కాలికి లంబంగా ఉండే 90 దాటి 10 డిగ్రీలు పైకి వస్తుంది. చాపితే రెండు కాళ్లలోనూ 90కి 5 డిగ్రీలు తక్కువలో ఆగిపోతుంది. ఏఎఫ్‌ఓకి చీలమండ దగ్గర కీలు ఉంది, అదైతే కింద కూర్చుని లేవడానికి వీలుగా ఉంటుందన్నారు.

ప్లాస్టర్‌చేతులు

సమస్య అక్కడే ఉంది.

పిక్కలో రెండు కండరాలుంటాయి. పైది గాస్ట్రాక్, మోకాలు దాటి తొడ ఎముకకి అతుక్కుని ఉంటుంది. లోపలిది సోలియస్, మోకాలి కిందే ఆగిపోతుంది. మోకాలు మడిస్తే పైది వదులవుతుంది కాబట్టి పాదం పైకి వచ్చేస్తుంది. చాపితే రావట్లేదంటే బిగుతు పై కండరంలో ఉందని అర్థం. అచ్చు తీసేటప్పుడు పిల్లాణ్ని కూర్చోబెట్టి, మోకాలు మడిచి, పాదం 90లో పెట్టి తీస్తారు. అప్పుడు చక్కగా ఇమిడిపోతుంది. నిలబడగానే మోకాలు చాపాలి, ఆ కండరానికి 5 డిగ్రీలు పొడవు చాలదు. ఆ 5 డిగ్రీలు ఎక్కడో చోట బయటపడాలి కదా. మడమ పైకి లేస్తుంది, లేదా మోకాలు వంగిపోతుంది, లేదా పాదం మధ్యలో లోపలికి కుంగుతుంది. లోపలి చీలమండ కింద ఎరుపు అంటే మీ బాబుకి మడమ లేవడంతోపాటు ఆ మూడోది కూడా జరుగుతోంది. కీలున్న ఏఎఫ్‌ఓ దీన్ని ఇంకా పెంచుతుంది, ఎందుకంటే కీలు దగ్గర పాదం పైకి వంగే వీలు ఉందిగానీ కండరంలో లేదు. వంపంతా పాదం మధ్యలోనే పడుతుంది.

పరిష్కారం: మోకాలు చాపి అచ్చు తీయాలి. పాదం ఎక్కడ ఆగుతుందో అక్కడే, అంటే 5 డిగ్రీలు కిందికి ఉంచే అచ్చు పోయాలి. ఏఎఫ్‌ఓ కీలు లేని గట్టిది కావాలి. తర్వాత ఏఎఫ్‌ఓ అడుగున, బయట, మడమ కింద వెడ్జ్ (ఏటవాలు ముక్క) వేసి ఆ తేడాను నేలకి కలపాలి. మడమ నుంచి వేళ్ల మొదలు దాకా 10 సెంటీమీటర్లున్న పాదానికి 5 డిగ్రీలంటే సుమారు 9 మిల్లీమీటర్ల ఎత్తు. పిల్లాణ్ని నిలబెట్టి, పక్కనుంచి చూసి, మోకాలి కింద ఎముక నిటారుగానో కొంచెం ముందుకో వాలేలా వెడ్జ్‌ని సరిచేస్తారు. ఇదంతా లోపల మడమ పూర్తిగా కిందికి ఆని ఉన్నప్పుడే. "వెడ్జ్ వేస్తే ఎత్తు మడమల చెప్పులా ఉంటుంది, కండరం ఇంకా కురచవుతుంది" అని కొందరు భయపెడతారు. అలా కాదు. లోపల కండరం ఎంత సాగగలదో అంతా సాగే ఉంది, వెడ్జ్ కేవలం నేలను పాదం దగ్గరికి తెస్తోంది.

వేసే పద్ధతి కూడా సరిచూసుకోండి. మోకాలి దాకా వచ్చే పల్చటి కాటన్ సాక్స్, కుట్టు వేళ్ల మీద నొక్కకుండా, ముడత లేకుండా లాగాలి. పీట మీద కూర్చోబెట్టి మోకాలు బాగా మడవండి. మడమను వెనక్కి, కిందికి నెట్టి పట్టుకుని మొదట చీలమండ మీద అడ్డంగా వచ్చే పట్టీ వేయాలి. పాదాన్ని లోపల పట్టి ఉంచేది అదే. తర్వాత వేళ్ల దగ్గరి పట్టీ, చివర్న పిక్క పట్టీ. చాలామంది పిక్క పట్టీతో మొదలుపెడతారు, అప్పుడు కాలు పైకి జరిగే బిగుసుకుంటుంది. మడమ నిజంగా ఆనిందా లేదా తెలుసుకోవాలంటే ఏఎఫ్‌ఓ లోపల మడమ దగ్గర కొంచెం తడి తిలకమో లిప్‌స్టికో రాసి వేయండి. పది నిమిషాలు నిలబెట్టి తీశాక సాక్స్ మడమకి మరక అంటితే ఆనినట్టే. అంటకపోతే గాలిలో ఉంది. సాక్స్ పాతది వాడండి, తిలకం మరక పోదు.

ఎరుపు ఎక్కడైనా వస్తుంది, భయపడక్కర్లేదు. తీసిన 20, 30 నిమిషాల్లో పోతే పర్వాలేదు. అంతకంటే ఎక్కువసేపు ఉన్నా, పొక్కినా, చీలమండ ఎముకల మీద వచ్చినా వేయడం ఆపి తీసుకెళ్లండి. ఇంట్లో గ్యాస్ పొయ్యి మీద వేడిచేసి వంచే ప్రయత్నం వద్దు. పాలీప్రొపిలీన్ ఒకచోట మెత్తబడేలోపు పక్కనున్న వంపు చెడిపోతుంది, ఇక ఎవరూ బాగుచేయలేరు. హీట్ గన్‌తో ఆ చుక్క దగ్గర మాత్రమే ఉబ్బించాలి, ఐదు నిమిషాల పని.

కొత్తది వచ్చాక మొదటిరోజు పొద్దున గంట, సాయంత్రం గంట. రోజుకో గంట పెంచుకుంటూ పది రోజుల్లో ఆరు నుంచి ఎనిమిది గంటలకి రావాలి. మన ఎండల్లో చెమటే పెద్ద బెడద. మధ్యాహ్నం ఒకసారి విప్పి, తుడిచి, ఆరిన కాలికి పొడి సాక్స్ వేయండి. పౌడర్ తడితో కలిసి ముద్దయి రాపిడి పెడుతుంది, వద్దు.

టైల్స్ మీద ఏఎఫ్‌ఓతో నిలబెడితే జారుతుంది, వాడు భయంతో ఇంకా బిగుసుకుంటాడు. అడుగున ఎంసీఆర్ (మెత్తటి రబ్బరు) షీటు అంటించమనండి. బయటికైతే ఒకటి రెండు సైజులు పెద్ద బూటు, లోపలి అట్ట తీసేసి, వేళ్ల దాకా తెరుచుకునే వెల్క్రోది. కాలి వేళ్లు అంచు దాటాయంటే మార్చే సమయం వచ్చినట్టే. ఈ వయసులో 9 నుంచి 12 నెలలకి మారుతుంటాయి.

ఎముకల_డాక్టరు

ప్లాస్టర్‌చేతులు గారితో ఒక్కచోట ఏకీభవించను. మోకాలు మడిస్తే 10 డిగ్రీలు పైకి వస్తోంది, బిగుతు 5 డిగ్రీలే. ఇది ఇప్పుడిప్పుడే మొదలైన కురచ, తిరిగి రాబట్టొచ్చు. అందుకని కొత్త ఏఎఫ్‌ఓకి ముందు సీరియల్ కాస్టింగ్ అడగండి. మోకాలి కింద నుంచి వేళ్ల దాకా ప్లాస్టర్, వారానికోసారి మారుస్తూ, ప్రతిసారీ కొద్దిగా పైకి తెస్తూ మూడు నాలుగు వారాలు. 90 దాటాక అప్పుడు అచ్చు. ప్లాస్టర్ రోజుల్లో వేళ్ల గోరు నొక్కి వదిలితే వెంటనే ఎరుపు తిరిగి రావాలి. రాకపోయినా, వేళ్లు చల్లబడినా, ఉబ్బినా, ఆగకుండా ఏడ్చినా అదే రాత్రి తీయించాలి.

బొటాక్స్ పని చేసేది కండరం బిగింపు మీద, కురచదనం మీద కాదు. ఇంజెక్షన్ ఇచ్చాక కొన్ని రోజుల నుంచి రెండు వారాల్లో పట్టు వదులుతుంది, మూడు నాలుగు నెలల్లో ప్రభావం పోతుంది. ఆ మూడు నెలలు ఏం చేయించబోతున్నారో ముందే రాసుకోకపోతే డబ్బు దండగ. ఇంజెక్షన్, రెండు మూడు వారాల తర్వాత ప్లాస్టర్లు, తర్వాత ఏఎఫ్‌ఓ, దాంతోపాటు కూర్చుని లేవడం, నడక సాధన. ఈ వరస ఉంటే ఉపయోగం. మోతాదు బరువును బట్టి, కండరాన్ని బట్టి ఉంటుంది. మళ్లీ ఇవ్వాలంటే కనీసం మూడు నెలలు ఆగాలి.

"నరం కోయడం" అంటే మడమ దగ్గరి స్నాయువును పొడిగించడం. ఈ వయసులో, డైప్లీజియాలో వద్దు. చిన్నప్పుడు చేస్తే ఎదుగుతున్న ఎముకతో మళ్లీ కురచవుతుంది, లేదా మరీ వదులైపోతుంది. ఆ రెండోదే ప్రమాదం: పిక్కకి బలం పోయి, మోకాళ్లు వంచుకుని కూలబడినట్టు నడుస్తారు. ఆ క్రౌచ్ నడకను సరిచేయడం మునివేళ్ల నడకను సరిచేయడం కంటే చాలా కష్టం. ఆరేళ్లు దాటాక, నడక అంతా పరిశీలించి, తుంటి, మోకాలు, చీలమండ ఏవి అవసరమో అన్నీ ఒకేసారి చేయడం మంచి పద్ధతి. క్యాంపులో ఒక్క మడమ చూసి తేదీ ఇచ్చేస్తే ఒప్పుకోకండి.

ఇక మీరు అడగని ప్రశ్న: తుంటి ఎక్స్‌రే తీశారా? లెవెల్ 3 పిల్లల్లో పదిమందిలో నలుగురి దాకా తుంటి బంతి గూటిలోంచి బయటికి జరుగుతుంది. మొదట్లో నొప్పి ఉండదు, నడకలో తెలియదు, డయపర్ మార్చేటప్పుడు కాళ్లు విడదీయడం కష్టమవడమే గుర్తు. రెండేళ్లకల్లా ఒక ఎక్స్‌రే, తర్వాత 6 నుంచి 12 నెలలకోసారి. తీసేటప్పుడు పిల్లాణ్ని వెల్లకిలా పడుకోబెట్టి మోకాలి చిప్పలు నేరుగా పైకి చూడాలి, కాళ్లు అటూఇటూ తిరిగితే కొలత తప్పుతుంది. మీరే మోకాళ్లు పట్టుకుని నిలబడండి, లెడ్ ఏప్రాన్ అడిగి వేసుకోండి. రిపోర్టులో "నార్మల్" అని రాస్తే చాలదు, మైగ్రేషన్ పర్సంటేజ్ (తుంటి బంతి ఎంత శాతం గూటి బయట ఉందో) ఎంతో రాయమనండి. 30 దాటితే పిల్లల ఎముకల సర్జన్‌కి చూపించాలి.

31 వారాల బిడ్డ కాబట్టి రెటీనా పరీక్ష అప్పట్లో చేసే ఉంటారు. దాంతో కంటి పని అయిపోలేదు. పీవీఎల్ ఉన్న పిల్లల్లో మెల్ల, చూసింది గుర్తుపట్టడంలో తేడా ఉంటాయి. పిల్లల కంటి డాక్టరుకి ఒకసారి చూపించండి. వినికిడి పరీక్ష కూడా.

స్టెమ్ సెల్స్ విషయం ఒక్క మాటలో తేల్చొచ్చు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం సెరిబ్రల్ పాల్సీకి అది ఆమోదించిన చికిత్స కాదు. అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్లో తప్ప ఇవ్వకూడదు, ట్రయల్ అయితే మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. ప్యాకేజీ రేటు చెప్పారంటే అక్కడే లేచి రండి. హైపర్‌బారిక్ ఆక్సిజన్ అన్నా అదే జవాబు.

ప్లాస్టర్‌చేతులు

కాస్టింగ్ ముందు చేయగలిగితే నాకూ అభ్యంతరం లేదు డాక్టరు గారూ. కానీ వారం వారం గుంటూరు వెళ్లి ప్లాస్టర్ మార్పించడం అందరికీ కుదరదు. ఒక వారం తప్పితే ప్లాస్టర్ కిందే పుండు పడుతుంది. కుదరని వాళ్లు ఊరికే కూర్చోకుండా వెడ్జ్ పద్ధతిలో మొదలుపెట్టొచ్చు.

ఎముకల_డాక్టరు

ఒప్పుకుంటాను. సగంలో ఆపే కాస్టింగ్ కంటే రోజూ వేసే ఏఎఫ్‌ఓ మేలు.

కాగితాలక్క

చికిత్స సంగతి పెద్దలు చెప్పారు. డబ్బు, కాగితాల సంగతి నేను రాస్తాను.

ముందు డీఈఐసీ, అంటే పిల్లల లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చేసే జిల్లా కేంద్రం. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) కింద జిల్లా స్థాయిలో పెట్టిన కేంద్రాలివి. ఫిజియోథెరపీ, స్పీచ్, కంటి, వినికిడి పరీక్షలు పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా ఉచితం. పాత జిల్లా కేంద్రంలోని పెద్దాసుపత్రిలో అడగండి. అంగన్‌వాడీకి వచ్చే ఆర్‌బీఎస్‌కే టీం రిఫరల్ చీటీ రాస్తే పని సులువు. లేకపోయినా నేరుగా వెళ్లొచ్చు.

వైకల్య ధ్రువపత్రం ఇప్పుడే తీసుకోండి. ఆలస్యం చేయడానికి అందరూ చెప్పే కారణం ఒకటే, "పిల్లాడు బాగవుతాడేమో, ముద్ర ఎందుకు" అని. చిన్నపిల్లలకి ఇచ్చేది గడువున్న సర్టిఫికెట్, తర్వాత మళ్లీ పరీక్షిస్తారు. సదరం (వైకల్య శాతం తేల్చే ప్రభుత్వ శిబిరం) స్లాట్ బుక్ చేసుకుని వెళ్లేటప్పుడు ఎంఆర్ఐ రిపోర్టు, డిశ్చార్జ్ సమ్మరీ, జీఎంఎఫ్‌సీఎస్ లెవెల్ రాసిన చీటీ, ఆధార్, ఫొటో తీసుకెళ్లండి. లెవెల్ రాసిన కాగితం లేకపోతే బోర్డులో రెండు నిమిషాల చూపుతో శాతం పడుతుంది. 40 శాతం వస్తేనే మిగతావన్నీ. యూడీఐడీ కార్డు (దివ్యాంగుల జాతీయ గుర్తింపు కార్డు) కూడా చేయించుకోండి, ఇతర రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది. పింఛను ఆంధ్రాలో దివ్యాంగులకి నెలకి 6,000, తెలంగాణలో 4,016.

నేషనల్ ట్రస్ట్ (దివ్యాంగుల కోసం ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ) వారి నిరామయ ఆరోగ్య బీమా చాలామందికి తెలియదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు, ఈ నాలుగింటికే. ఏడాదికి లక్ష రూపాయల దాకా. ముందే ఉన్న జబ్బు అని కొట్టేయరు, వైద్య పరీక్ష అడగరు. థెరపీ ఖర్చు కూడా వస్తుంది, కానీ ముందు మీరు కట్టి తర్వాత బిల్లులు పెట్టుకోవాలి, ఒక్కోదానికి లోపల పరిమితి ఉంటుంది. క్లెయిమ్‌లు పోయేది బిల్లుల దగ్గరే: తెల్లకాగితం మీద "థెరపీ 10 సిట్టింగులు" అని రాసిస్తే పనికిరాదు. తేదీలు, సిట్టింగుల సంఖ్య, థెరపిస్టు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ముద్ర ఉండాలి, డాక్టరు రాసిన ప్రిస్క్రిప్షన్ జతచేయాలి.

ఆ నంబరు అసలుదో కాదో కూడా చూసుకోండి. స్పీచ్ థెరపిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్, ప్రోస్థెటిస్ట్ ఆర్థోటిస్ట్ వీళ్లందరికీ ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) నంబరు ఉండాలి, ఆర్‌సీఐ వెబ్‌సైట్లో వెతకొచ్చు. ఫిజియో, ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఆర్‌సీఐ కిందికి రారు, వాళ్లకి 2021 చట్టంతో వచ్చిన జాతీయ అలైడ్ హెల్త్ కమిషన్ వేరే ఉంది. కాబట్టి ఫిజియో దగ్గర ఆర్‌సీఐ నంబరు లేదని గొడవపడకండి, ఫిజియోథెరపీ డిగ్రీ బీపీటీయా ఎంపీటీయా అడగండి.

ఉద్యోగస్తులైతే ఆదాయపన్నులో వైకల్యమున్న పిల్లల కోసం తగ్గింపు (1961 చట్టంలో 80డీడీ): ఖర్చు ఎంతైనా 75,000 తగ్గింపు, 80 శాతం, ఆపైన వైకల్యానికి 1,25,000. పాత పన్ను విధానంలోనే. సెరిబ్రల్ పాల్సీకి విడిగా వైద్య ధ్రువపత్రం (1961 చట్టం కింద ఫారం 10-ఐఏ) అడుగుతారు, సదరం కాగితం ఒక్కటే చాలదు.

పెద్ద సంస్థలు: సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో నీపిడ్ (మేధో వైకల్యాల జాతీయ సంస్థ), దాని కిందే నెల్లూరులో సీఆర్‌సీ (దివ్యాంగుల ప్రాంతీయ పునరావాస కేంద్రం). శస్త్రచికిత్స దాకా వస్తే తిరుపతిలో టీటీడీ వారి బర్డ్ ఆసుపత్రి ఉంది. బడి వయసు వచ్చాక మీ మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాల పిల్లల కోసం విద్యాశాఖ నడిపేది), అక్కడ ఫిజియో ఏ రోజు వస్తారో ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో అడిగితే చెప్తారు.

పల్నాటి_నాన్న

అందరికీ దండాలు. సోమవారం ఎక్స్‌రేకి వెళ్తున్నాం. ఒక్కటే సందేహం: నిలబెట్టడం ముఖ్యం అన్నారు, ఎంతసేపు? స్టాండింగ్ ఫ్రేమ్ (పట్టీలతో నిలబెట్టే చట్రం) కొనాలా, వడ్రంగితో చేయించొచ్చా?

బాల_ఫిజియో

ఎక్స్‌రే చూశాకే మొదలుపెట్టండి, తుంటి జరిగి ఉంటే కోణం డాక్టరు చెప్పాలి. అంతా బాగుంటే రోజుకి మొత్తం 60 నిమిషాలు, వారానికి ఐదు రోజులు. ఒకేసారి అక్కర్లేదు, మూడు ఇరవైలు చేయండి. మొదటి వారం పదేసి నిమిషాలతో మొదలు. ఏఎఫ్‌ఓ సరిచేశాక మాత్రమే. ఇప్పుడున్న దాంతో నిలబెడితే బరువంతా విరుగుతున్న అరికాలి మీదే పడుతుంది.

వడ్రంగి చేయగలడు. నిలువు పలక ఛాతీ దాకా, ముందుకు 10, 15 డిగ్రీలు వాలి ఉండాలి. ఛాతీ, పిరుదులు, మోకాళ్ల దగ్గర వెడల్పాటి పట్టీలు, లోపల మెత్త. పిరుదుల పట్టీ అన్నిటికంటే గట్టిది, అది వదులైతే పిల్లాడు వెనక్కి కూలబడతాడు, మోకాళ్లు మడతపడతాయి. కాళ్లు ఒక్కోటి మధ్యగీత నుంచి 15 డిగ్రీలు పక్కకి. కాలి పొడవు 42 సెంటీమీటర్లయితే మడమ తుంటికంటే 11 సెంటీమీటర్లు బయటికి వస్తుంది, ఆ కొలతతో అడుగున పాదాల గూళ్లు కొట్టించండి. మోకాళ్ల మధ్య చెక్క దిమ్మె, దానికి స్పాంజి. ముందు బల్ల మోచేతుల ఎత్తులో, చుట్టూ వేలెడు ఎత్తు అంచుతో. అంచు లేకపోతే ప్రతి నిమిషానికీ కిందపడ్డ బొమ్మ తీయడమే మీ పని. అడుగు పీఠం వెడల్పు 60 సెంటీమీటర్లకి తగ్గొద్దు, తగ్గితే పక్కకి ఒరుగుతుంది. పిల్లాణ్ని ఎక్కించేముందు 15 కిలోల బియ్యం సంచి కట్టి అన్ని వైపులా ఊపి చూడండి.

చేయించేముందు కాగితం మీద గీసి, కొలతలతో ఫొటో ఇక్కడ పెట్టండి. పలక కోసేశాక మార్చడం కష్టం.